లారీలు దొరకని సమయంలో రవాణా ప్లాన్ ఎలా వేసుకోవాలి? రేటు పెంచడం తప్ప వేరే దారి ఉందా?

పంపిణీ_ప్లానర్:

అందరికీ నమస్కారం. నేను ఒక తయారీ కంపెనీలో రవాణా ప్లానింగ్ చూస్తాను. ఫ్యాక్టరీ నుంచి డిపోలకు, డిపోల నుంచి పెద్ద కస్టమర్ల గోదాములకు సరుకు వెళ్తుంది. సొంత బండ్లు లేవు, మొత్తం బయటి ట్రాన్స్‌పోర్టర్ల మీదే నడుస్తుంది.

ఈ మధ్య ఇండెంట్ (బండి కావాలని పంపే ఆర్డర్) పెడితే బండి వస్తుందో రాదో తెలియని పరిస్థితి. కాంట్రాక్టులో మొదటి పేరున్న ట్రాన్స్‌పోర్టర్ బండి లేదంటాడు, రెండో ఆయన రేపు చూద్దామంటాడు, మూడో ఆయన ఫోనే ఎత్తడు. చివరికి సాయంత్రం వేళ బ్రోకర్‌ని పట్టుకుని కాంట్రాక్టు రేటుకి దాదాపు ఒకటిన్నర రెట్లు పెట్టి బండి తెస్తున్నాం. కొన్ని రూట్లకైతే ఎంతిస్తామన్నా దొరకడం లేదు. సేల్స్ వాళ్లు ఒకవైపు, ఫైనాన్స్ వాళ్లు ఇంకోవైపు, మధ్యలో నాకు రోజూ టెన్షన్.

మేనేజ్‌మెంట్‌లో రెండు మాటలు నడుస్తున్నాయి. ఒకటి, ఉన్న కాంట్రాక్టులన్నీ పక్కనపెట్టి మొత్తం రూట్లకు మళ్లీ టెండర్ పిలవాలని. రెండోది, కాంట్రాక్టులు ఎలాగూ నిలబడటం లేదు కదా, అన్నీ అప్పటికప్పుడు మార్కెట్ రేటుకి, అంటే స్పాట్‌లోనే కొనేద్దామని. రెండూ నాకు నచ్చడం లేదు, కానీ ఎందుకు నచ్చడం లేదో లెక్క కట్టి చూపించలేకపోతున్నాను. వచ్చే వారం మీటింగ్‌లో నన్నే ఒక ప్లాన్ పెట్టమన్నారు. బండ్లు తక్కువగా ఉన్నప్పుడు మీరు ఎక్కడ మొదలుపెడతారు? రైలుకి మార్చడం, సొంతంగా కొన్ని బండ్లు పెట్టుకోవడం లాంటివి నిజంగా పనికొస్తాయా? ట్రాన్స్‌పోర్టర్ల వైపు నుంచి ఎవరైనా ఉంటే వాళ్ల మాట కూడా వినాలని ఉంది.


లేన్_లెక్కలు:

ముందు ఒక్క పని చెయ్యండి. గత కొన్ని నెలల ఇండెంట్లన్నీ తీసి రూట్ల వారీగా విడగొట్టండి. ఒక్కో రూట్లో ఎన్ని ఇండెంట్లు పెట్టారు, మొదటి ట్రాన్స్‌పోర్టర్ ఎన్ని తీసుకున్నాడు, ఎన్ని వదిలేశాడు, వదిలేసినవి చివరికి ఎవరి దగ్గర ఏ రేటుకి వెళ్లాయి. మొత్తం మీద బండ్లు దొరకడం లేదు అని అందరూ అంటారు గానీ ఇలా విడగొట్టి చూస్తే ఇబ్బంది అన్ని రూట్లలో సమానంగా ఉండదు. సగానికి పైగా రూట్లు బాగానే నడుస్తుంటాయి, కొన్ని రూట్లే మొత్తం పరువు తీస్తుంటాయి. బాగా నడుస్తున్న రూట్లను టెండర్ పేరుతో కదిలించారంటే, పాత రేటుకే మౌనంగా బండి పెడుతున్న మనిషికి "మార్కెట్ ఎంతుందో చూసుకో" అని మీరే చెప్పినట్టు. అందుకే మొత్తం మళ్లీ టెండర్ అనే ఆలోచనకి నేను పూర్తిగా వ్యతిరేకం. చెడిపోయిన రూట్లకు మాత్రమే చిన్న టెండర్ పిలవండి, అది కూడా మూడు నెలలకో ఆరు నెలలకో.

ఇక మీరు అడిగిన లెక్క. కాంట్రాక్టు రేటు 100 అనుకుందాం, స్పాట్ రేటు 140. "ఎ" అనే ట్రాన్స్‌పోర్టర్ 100కి ఒప్పుకున్నాడు గానీ పదిలో ఆరు లోడ్లే తీసుకుంటున్నాడు. మిగతా నాలుగు స్పాట్‌కి పోతాయి. సగటున ఒక లోడ్‌కి మీకు పడేది 60 ప్లస్ 56, అంటే 116. "బి" అనే ఆయన 106 అడిగాడు గానీ 100 లోడ్లిస్తే 95 తీసుకుంటాడు. అప్పుడు సగటు 100.7 ప్లస్ 7, అంటే 107.7. కాగితం మీద ఖరీదైన మనిషే చేతికొచ్చేసరికి చవక. ఇందులో సాయంత్రం దాకా ఫోన్లు చేసిన శ్రమ, ఆలస్యానికి కస్టమర్ వేసే పెనాల్టీ కలపనే లేదు. మీ ఫైనాన్స్ వాళ్లకి మీ సొంత అంకెలతో ఇదొక్క లెక్క చూపించండి చాలు, "తక్కువ రేటు వాడికే మొదటి ఇండెంట్" అనే నియమం మీద వాళ్లకే అనుమానం వస్తుంది.

అంతా స్పాట్ అనే మాట ఇంకా ప్రమాదం. స్పాట్ రేటు పెరిగేటప్పుడు కాంట్రాక్టు రేటు కంటే వేగంగా పెరుగుతుంది, తగ్గేటప్పుడు కూడా వేగంగానే తగ్గుతుంది. బండ్లు దొరకని ఇరుకు కాలంలో అందులోకి మొత్తం దూకడమంటే గరిష్ఠ ధరకి కొనడమే. పైగా ట్రాన్స్‌పోర్టర్ దృష్టిలో మీరు ఒక ఫోన్ నంబర్‌గా మిగిలిపోతారు. మీకోసం బండి ఆపి ఉంచే మనిషి ఒక్కడూ ఉండడు. వారానికి ఒకటీ అరా లోడ్లు పోయే రూట్లు, ఎప్పుడు పోతాయో తెలియని రూట్లు ఉంటాయి చూడండి, వాటికి మాత్రం స్పాటే సరైనది. అలాంటి రూట్‌కి కాంట్రాక్టు రాసుకున్నా అది ఉత్తి కాగితమే, ఎందుకంటే నెలకి రెండు లోడ్లకోసం ఎవరూ బండి కేటాయించరు.


బండి_ఓనర్:

పైన ఆయన చెప్పిన లెక్క కరెక్టే. నేను అటువైపు మనిషిని, మాకు కొన్ని బండ్లున్నాయి. బండ్లు తక్కువ, లోడ్లు ఎక్కువ ఉన్నప్పుడు మా ఆఫీసులో పొద్దున్న ఏం జరుగుతుందో చెప్తాను, దాన్నిబట్టి మీ ప్లాన్ మీరే వేసుకోవచ్చు.

పొద్దున్నకి మా దగ్గర ఖాళీ అయ్యే బండ్ల కంటే వచ్చిన ఇండెంట్లు ఎక్కువ ఉంటాయి. ఎవరికి పెట్టాలి? అందరూ మేం రేటే చూస్తామనుకుంటారు. రేటు చూస్తాం, కాదనను. కానీ అంతకంటే ముందు చూసేది బండి మళ్లీ ఎప్పుడు చేతికొస్తుందని. మీ గేటు దగ్గర లోడింగ్‌కి ఆరు గంటలు, అవతల డిపోలో ఖాళీ చేయడానికి ఇంకో అర రోజు పడుతుందంటే, మీరు పది శాతం ఎక్కువిచ్చినా మాకు గిట్టదు. మా బండి నిలబడి ఉన్నా ఈఎంఐ ఆగదు, డ్రైవర్ జీతం ఆగదు. బండి ఆపినందుకు హాల్టింగ్ చార్జీ ఇస్తామని కాంట్రాక్టులో రాస్తారు, బిల్లు పెడితే గేటు ఎంట్రీ టైమ్ తప్పు పడిందని మూడు నెలలు తిప్పుతారు. ఆ పేరున్న కంపెనీలకి మా డ్రైవర్లే వెళ్లనంటారు. డ్రైవర్ వెళ్లనన్నాక నేనేం చేసినా బండి కదలదు.

చిన్న లెక్క. ఒక రూట్లో పోను రాను ప్రయాణం రెండు రోజులు, రెండు చివర్లా కలిపి నిలబడేది ఒక రోజు అనుకోండి. ట్రిప్పుకి మూడు రోజులు. పది బండ్లు నెలకి వంద ట్రిప్పులు చేస్తాయి. ఆ నిలబడే సమయం సగానికి తగ్గించండి, ట్రిప్పు రెండున్నర రోజులవుతుంది, అవే పది బండ్లు 120 ట్రిప్పులు చేస్తాయి. మార్కెట్లో దొరకని రెండు బండ్లు మీ గేటు లోపలే దొరికినట్టు.

రేటు తర్వాత మేం చూసేది డబ్బు ఎప్పుడొస్తుందని. డీజిల్‌కి, టోల్‌కి, డ్రైవర్ ఖర్చుకి మేం ముందే పెడతాం. మీరు 60 రోజులకో 90 రోజులకో ఇస్తే ఆ మధ్య వడ్డీ మా మీదే. కొద్ది బండ్లే ఉన్న చిన్న ఫ్లీట్లకి బిల్లు 15 రోజుల్లో తీరుస్తామనండి, రేటు పెంచకుండానే ముందు మీకే బండి పెట్టేవాళ్లు ఉంటారు. మూడోది రిటర్న్ లోడు. మీరు పంపే ఊరి నుంచి నాకు తిరుగు లోడు దొరకదంటే ఆ రూట్‌కి నేను రెండువైపులా ఖర్చు వేసుకుంటాను. "ఎంతిచ్చినా దొరకడం లేదు" అన్న మీ రూట్లు బహుశా అలాంటివే, ఒకసారి చూసుకోండి.


పంపిణీ_ప్లానర్:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఓనర్ గారూ, మీరన్నది నిజమే అనిపిస్తోంది. గేటు రిజిస్టర్ తెప్పించి చూశాను. బండి లోపలికొచ్చిన టైమ్, బయటికెళ్లిన టైమ్ రెండూ ఉన్నాయి గానీ ఇంతవరకు వాటిని ఎవరూ కలిపి చూడలేదు. ఫ్యాక్టరీలో పర్వాలేదు. రెండు డిపోల్లో మాత్రం బండ్లు ఏడెనిమిది గంటలు నిలబడుతున్నాయి, బండి దొరకని రూట్లలో రెండు ఆ డిపోలవే. మిగతా కష్టమైన రూట్లు రిటర్న్ లోడ్ లేనివి.

కానీ మా డిపో వాళ్లని అడిగితే "బండ్లన్నీ పొద్దున్నే ఒకేసారి వస్తాయి, మేమేం చేస్తాం" అంటున్నారు. ఇంకోటి, మా ఆర్డర్లు నెల మొదటి మూడు వారాలు నెమ్మదిగా ఉండి ఆఖరి వారంలో ఒక్కసారిగా రెండున్నర రెట్లవుతాయి. దీన్ని రవాణా వైపు నుంచి ఎలా పరిష్కరించాలి?


డిపో_ఇన్‌చార్జ్:

దీన్ని రవాణా వైపు నుంచి పరిష్కరించలేరు, తమ్ముడూ. సేల్స్ వాళ్లతో కూర్చోవాలి. నెలాఖరు టార్గెట్ల కోసం తోసే లోడ్లు అవి. మూడు వారాలు రోజుకి 20 బండ్లు అడిగి నాలుగో వారం 50 అడిగితే, ఆ మిగతా 30 బండ్లను మూడు వారాల పాటు మీకోసం ఎవరు ఖాళీగా పెట్టుకుంటారు? మామూలు రోజుల్లో అయితే ఎలాగోలా దొరికేవి కాబట్టి ఈ జబ్బు బయటపడలేదు. పెద్ద కస్టమర్లతో మాట్లాడి నెలాఖరు ఆర్డర్‌లో కొంత రెండో, మూడో వారానికి జరిపితే చిన్న డిస్కౌంట్ ఇస్తామనండి. ఆ డిస్కౌంట్ మీ స్పాట్ ఖర్చు కంటే తక్కువే ఉంటుంది, ఒకసారి పక్కపక్కన పెట్టి చూపించండి. డిపోలకు మీరే పంపే స్టాకు విషయంలో అయితే ఎవరినీ అడగక్కర్లేదు. నెమ్మదిగా అమ్ముడయ్యే సరుకు, ఖచ్చితంగా అవసరమయ్యే సరుకు మొదటి రెండు వారాల్లోనే పంపేయండి. అప్పుడు ఆఖరి వారంలో బండ్లు కస్టమర్ లోడ్లకి మిగులుతాయి. గోదాంలో చోటు, స్టాకు మీద కట్టే వడ్డీ కొంచెం పెరుగుతుంది, ఆ ఖర్చు దాచకుండా ప్లాన్‌లోనే రాయండి.

పొద్దున్నే బండ్లన్నీ ఒకేసారి రావడం గురించి. అది మీ డిపో వాళ్ల తప్పు అని నేననను, టైమ్ స్లాట్ ఇచ్చేవాళ్లు లేకపోతే ఎక్కడైనా అంతే అవుతుంది. ప్రతి బండికీ ఒక స్లాట్ ఇవ్వండి, స్లాట్‌కి వచ్చిన బండిని గంటన్నర రెండు గంటల్లో వదలాలనే నియమం పెట్టండి, స్లాట్ తప్పి వచ్చిన బండి ఆగాల్సిందే. మొదటి రెండు వారాలు గొడవగానే ఉంటుంది. ట్రాన్స్‌పోర్టర్లు స్లాట్ పాటించరు, లోపల హమాలీలు సరిపోరు, పేపర్లు రెడీగా ఉండవు. బండి వచ్చాక ఇన్‌వాయిస్ కొట్టడం, బండి వచ్చాక సరుకు వెతకడం, ఈ రెండూ ఆపితేనే చాలా తేడా వస్తుంది. సరుకు ముందు రోజు సాయంత్రమే తీసి డాక్ దగ్గర, అంటే బండికి ఎక్కించే చోట పెట్టాలి. వీలైన చోట ట్రెయిలర్ వదిలి వెళ్లే పద్ధతి చూడండి. డ్రైవర్ ఖాళీ ట్రెయిలర్ మీ దగ్గర వదిలి, ముందే నింపి ఉంచినదాన్ని తగిలించుకుని వెళ్లిపోతాడు. దానికి అదనపు ట్రెయిలర్లు కావాలి, యార్డులో చోటు కావాలి, రోజూ లోడ్లుండే రూట్ కావాలి. అందరికీ కుదరదు గానీ కుదిరిన చోట డ్రైవర్ నిలబడే సమస్యే ఉండదు.

బండి ఎంత నిండుతోందో కూడా చూడండి. వంద బండ్లు సగటున 80 శాతం నిండి వెళ్తున్నాయనుకోండి. 90 శాతానికి తెస్తే అదే సరుకు 89 బండ్లలో పోతుంది. పదకొండు బండ్లు వెతకాల్సిన పనే లేదు. ఇది ఎక్కువసార్లు ఆర్డర్ పరిమాణం దగ్గర చెడిపోతుంది. కస్టమర్ 27 ప్యాలెట్ల (సరుకు పేర్చే చెక్క పలకల) సరుకు అడుగుతాడు, బండిలో 33 పడతాయి, ఆరు ప్యాలెట్ల చోటు గాలి మోసుకెళ్తుంది. ఆర్డర్ తీసుకునే వాళ్లకి ఏ బండిలో ఎన్ని పడతాయో తెలిసేలా చేసి, పూర్తి బండికి ఆర్డర్ పెంచమని అప్పుడే అడిగించండి. రోజూ చిన్న ఆర్డర్ పంపే కస్టమర్‌కి వారంలో రెండు రోజులు ఖాయం చేసి కలిపి పంపండి. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకి కావాల్సింది రోజూ రావడం కాదు, వస్తానన్న రోజు రావడం.


లేన్_లెక్కలు:

డిపో ఇన్‌చార్జ్ అక్క చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. డ్రైవర్ సమయం గురించి అమెరికాలో పెద్ద చర్చే జరిగింది. అక్కడ రోజుకి 11 గంటల వరకు నడపడానికి చట్టం ఒప్పుకుంటుంది, అది కూడా డ్యూటీ ఎక్కిన 14 గంటల లోపే. లోడింగ్ దగ్గర నిలబడినా ఆ 14 గంటల గడియారం సాధారణంగా ఆగదు. ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకుడు డేవిడ్ కోరెల్ 2021లో అక్కడి పార్లమెంటు కమిటీ ముందు చెప్పిందేమిటంటే, లాంగ్ రూట్ డ్రైవర్లు సగటున రోజుకి ఆరున్నర గంటలే నడుపుతున్నారని. మిగతాదంతా నిలబడటాల్లో, ఎదురుచూపుల్లో పోతోంది. డ్రైవర్ల కొరత అని అందరూ అంటున్న సంవత్సరం అది. ఆయన వాదన ప్రకారం ఒక్కో డ్రైవర్‌కి రోజుకి ఇంకో 18 నిమిషాలు నడిపే సమయం మిగిలినా కొరతగా చెప్తున్నది తీరిపోతుంది. యూరప్‌లో రోజుకి మామూలుగా 9 గంటలే, నాలుగున్నర గంటలకి 45 నిమిషాల విరామం తప్పనిసరి. అక్కడ డాక్ దగ్గర పోయే గంట ఇంకా ఖరీదు. మీ మీటింగ్‌లో ఎవరైనా "మన గేటు దగ్గర రెండు గంటలు తగ్గిస్తే మార్కెట్ మారిపోతుందా" అంటే ఈ మాట చెప్పండి. మార్కెట్ మారదు, మీ రూట్లలో తిరిగే బండ్ల సంఖ్య మాత్రం మారుతుంది.


రైలు_పక్షం:

రైలు గురించి అడిగారు, ఎవరూ ఎత్తలేదు. పనికొస్తుంది, కానీ ఈ ఇరుకులో రేపటి నుంచి మారిపోదామంటే కుదరదు. రైలు మీద పెట్టినా ఫ్యాక్టరీ నుంచి టెర్మినల్‌కి, అవతల టెర్మినల్ నుంచి డిపోకి లారీనే కావాలి. తేడా ఏంటంటే అవి చిన్న దూరాలు, ఒకే బండి రోజుకి రెండు మూడు ట్రిప్పులు వేస్తుంది. కొన్ని వందల కిలోమీటర్ల లోపు రూట్లకి ఇదంతా గిట్టదు, ఎక్కించి దించే ఖర్చే మిగులు తినేస్తుంది. అమెరికాలో సాధారణంగా 500 మైళ్లు దాటాకే, అంటే 800 కిలోమీటర్ల పైనే, రైలు కంటైనర్ గురించి గట్టిగా ఆలోచిస్తారు. మీ దేశంలో, మీ టెర్మినల్ దూరాన్ని బట్టి ఆ గీత మారుతుంది.

లారీ కంటే ఒకటి రెండు రోజులు ఎక్కువ పడుతుందని ముందే లెక్కలో వేసుకోవాలి. అందుకే డిపోలకు ముందుగా పంపే స్టాకు రైలుకి సరిపోతుంది, రేపు పొద్దున్న ఉండాల్సిన కస్టమర్ లోడు సరిపోదు. ప్యాకింగ్ కూడా చూసుకోండి, రైల్లో ముందూ వెనకా కుదుపులు వేరేగా ఉంటాయి, లారీలో బాగానే వెళ్లిన ప్యాలెట్ రైల్లో కూలిపోవచ్చు. ఒక దూరపు రూట్ ఎంచుకుని వారానికి నాలుగైదు కంటైనర్లతో మొదలుపెట్టి, లారీలు తేలిగ్గా దొరికే రోజుల్లో కూడా ఆపకుండా నడపండి. ఇరుకైనప్పుడే పరిగెత్తుకొస్తే ఇక్కడ కూడా క్యూ ఉంటుంది, అప్పుడు రోజూ లోడ్ ఇచ్చేవాడికే ముందు చోటు.


బండి_ఓనర్:

సొంత బండ్ల ప్రశ్న కూడా మిగిలింది కదా. మీరు బండ్లు కొనాలని నేను చెప్పను, దాని మీద మెయింటెనెన్స్, డ్రైవర్లు, ఇన్సూరెన్స్ అంతా ఇంకో వ్యాపారం. దానికంటే మాలాంటి వాళ్ల దగ్గర కొన్ని బండ్లు నెలవారీ లెక్కన మీకే కేటాయించి పెట్టుకోండి. ఎన్ని పెట్టుకోవాలనే దగ్గర చాలామంది సగటు చూస్తారు, సగటు చూడకూడదు. ఒక రూట్లో వారానికి తక్కువలో తక్కువ 14 లోడ్లు, ఎక్కువలో 30 ఉన్నాయనుకోండి, ఆ 14కి సరిపడా బండ్లే పెట్టుకోవాలి. అవి ప్రతి వారం నిండా తిరుగుతాయి, రేటు మీకూ మాకూ గిట్టుతుంది. దానిపైన వచ్చేవి కాంట్రాక్టు వాళ్లకి, ఇంకా పైన వచ్చే నాలుగైదు లోడ్లు స్పాట్‌కి. 22కి సరిపడా పెట్టుకున్నారంటే లోడ్లు తగ్గిన వారం బండ్లు నిలబడతాయి, మీ ఫైనాన్స్ వాళ్లు మూడో నెలకే రద్దు చేయిస్తారు.

కాంట్రాక్టులో ఏడాదికి వెయ్యి లోడ్లు అని రాస్తే మాకు ఏమీ అర్థం కాదు. వారానికి 20, సోమవారం నుంచి శనివారం దాకా ఏ రోజు ఎన్ని, ఇది కావాలి. ఇండెంట్ కూడా ముందు రోజు సాయంత్రం కాకుండా రెండు మూడు రోజుల ముందు పెట్టండి. అప్పుడు ఎక్కడో ఖాళీ అవుతున్న బండిని మీ వైపు తిప్పగలను. ఈ రోజు అడిగితే నా గేటు ముందున్న బండి మాత్రమే ఇవ్వగలను, దాన్ని అప్పటికే ఎవరో అడిగి ఉంటారు.

డీజిల్ సంగతి రేటు నుంచి విడగొట్టండి. ధర పెరిగితే ఇంత, తగ్గితే ఇంత అని ఒక పట్టిక పెట్టుకుంటే మేం భయంతో రేటులో ముందే కలిపేసే అదనం ఉండదు.


లేన్_లెక్కలు:

ఓనర్ గారి మాటకి వంద శాతం మద్దతు. కాంట్రాక్టు రేటు గురించి నాదొక అభిప్రాయం, దీనితో అందరూ ఏకీభవించకపోవచ్చు. ఇరుకు రూట్లకి ఏడాది పొడుగునా ఒకే రేటు అనే పద్ధతే ఈ గొడవకి సగం కారణం. మార్కెట్ పైకెళ్తే ట్రాన్స్‌పోర్టర్ లోడ్లు వదిలేస్తాడు, కిందికొస్తే కంపెనీ టెండర్ పిలుస్తుంది, రేటు కాగితాన్ని ఇద్దరూ నమ్మరు. మూడు నెలలకోసారి మార్కెట్ సూచీని బట్టి రేటు మారుతుందని, పైకీ కిందికీ ఇంత శాతం దాటదని రాసుకుంటే ఎవరూ పారిపోవాల్సిన పని ఉండదు.

ఈ ఇరుకు శాశ్వతం కాదనే సంగతి మేనేజ్‌మెంట్‌కి గుర్తుచేయండి. అమెరికా మార్కెట్లో ఇది తిరగడం స్పష్టంగా కనిపిస్తుంది. 2017 డిసెంబరులో డ్రైవర్ల గంటలను ఎలక్ట్రానిక్ పరికరంలో నమోదు చేయడం తప్పనిసరి చేశారు, ఆర్థిక వ్యవస్థ కూడా అప్పుడు జోరుగా ఉంది, 2018లో బండ్లు దొరక్క కంపెనీలు అల్లాడాయి. రేట్లు పెరిగాయని అందరూ కొత్త బండ్లు కొన్నారు, 2019కి రేట్లు పడిపోయి ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలు మూతపడ్డాయి. కోవిడ్ తర్వాత 2020 రెండో సగంలో, 2021లో మళ్లీ అదే ఇరుకు, మళ్లీ కొత్త బండ్లు, 2022 నుంచి మళ్లీ పతనం. 2023 ఆగస్టులో యెల్లో అనే దాదాపు వందేళ్ల కంపెనీ దివాలా తీసింది, సుమారు 30 వేల ఉద్యోగాలు పోయాయి. దానికి అప్పులు, యూనియన్‌తో గొడవలు లాంటి సొంత కారణాలు కూడా ఉన్నాయి గానీ రేట్లు పడిపోయిన మార్కెట్ మిగతా పని పూర్తి చేసింది.

ఇదెందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు భయంతో మూడేళ్లకి గరిష్ఠ రేటుకి సంతకం పెట్టకండి. అలాగే రేపు రేట్లు పడినప్పుడు మీతో నిలబడ్డ ట్రాన్స్‌పోర్టర్‌ని రేటు 20 శాతం తగ్గించమని అడగాలని ఒత్తిడి వస్తుంది, దానికి ఒప్పుకోకండి. ఈ రోజు మీకు బండి పెట్టినవాళ్లెవరో, రేటు ఎక్కువొచ్చిందని వదిలేసినవాళ్లెవరో నెలనెలా రాసి పెట్టుకోండి. తర్వాతి టెండర్లో ఎవరికి ఎన్ని లోడ్లివ్వాలో ఆ కాగితమే చెప్తుంది.


కొత్త_సభ్యుడు_లోడింగ్:

ఒక చిన్న జాగ్రత్త, పైన ఎవరూ చెప్పలేదు. బండ్లు దొరకని కాలంలో తెలియని బ్రోకర్ల దగ్గర లోడ్ పెట్టడం పెరుగుతుంది, మోసాలు కూడా అప్పుడే ఎక్కువ. ఒకడు లోడ్ తీసుకుని ఇంకొకడికి, వాడు మరొకడికి అప్పజెప్తాడు, చివరికి బండి నడిపినవాడికి డబ్బు అందదు, సరుకు ఆపేస్తాడు. కొన్నిసార్లు సరుకే మాయం. కొత్త బ్రోకర్ అయితే ఇన్సూరెన్స్ కాగితం ఆ ఇన్సూరెన్స్ కంపెనీకే ఫోన్ చేసి సరిచూసుకోండి. గేటు దగ్గరికి వచ్చిన బండి నంబరు, డ్రైవర్ లైసెన్సు ముందు చెప్పినవేనా అని చూడకుండా లోడ్ ఎక్కించొద్దు. ఎంత అర్జెంటైనా సరే. ఖరీదైన సరుకుని మాత్రం అసలు స్పాట్‌లో పెట్టకండి.


పంపిణీ_ప్లానర్:

మీరంతా ఇంత ఓపిగ్గా రాసినందుకు నిజంగా కృతజ్ఞతలు. మీటింగ్‌కి నేను పెట్టబోయేది ఇది. బాగా నడిచే రూట్లు ముట్టుకోం. రెండు చెడ్డ డిపోల్లో స్లాట్లు, ముందు రోజే సరుకు తీసి పెట్టడం, హాల్టింగ్ బిల్లుకి గేటు రిజిస్టర్ టైమే ఆధారం, వాదన ఉండదు. చిన్న ఫ్లీట్లకి పేమెంట్ 15 రోజులు. ఒక పెద్ద రూట్‌లో కనీస లోడ్లకి కేటాయింపు బండ్లు. దూరపు డిపోకి రైలు ట్రయల్. రిటర్న్ లేని రూట్లకి మాత్రం చిన్న టెండర్. నెలాఖరు సంగతి సేల్స్ హెడ్‌తో మాట్లాడాలి, అదే అన్నిటికంటే కష్టం.

ఒక్కటే సందేహం. ఇవన్నీ అమలవడానికి కనీసం రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోపు రోజూ పొద్దున్న పది లోడ్లుంటే ఆరు బండ్లే వస్తాయి. ఏది పంపాలి, ఏది ఆపాలి అన్నది ఇప్పుడు ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల ప్రకారం నడుస్తోంది.


డిపో_ఇన్‌చార్జ్:

అరుపుల మీద నడపొద్దు, తమ్ముడూ. ప్రతి లోడ్‌కీ ఒక్క ప్రశ్న వేసుకోండి, ఈ రోజు వెళ్లకపోతే అవతల ఏం ఆగుతుంది అని. ఎవరి ప్రొడక్షన్ లైనో ఆగిపోతుందంటే అది మొదట. కస్టమర్ దగ్గర స్టాకు అయిపోయింది, పెనాల్టీ ఉంది అంటే రెండోది. మీ డిపోలోనే ఇంకా పది రోజుల స్టాకు ఉందంటే అది ఆగొచ్చు, ఎవరు ఫోన్ చేసినా సరే. ఈ వరుస మీరొక్కరే రాసుకుంటే నిలబడదు, సేల్స్, ప్రొడక్షన్ వాళ్లతో ముందే ఒప్పించి సంతకాలు తీసుకోండి. రోజూ మధ్యాహ్నం మూడింటికి పావుగంట కూర్చుని మర్నాటి లోడ్లు ఆ వరుసలో పెట్టండి. ఆగిన లోడ్ తాలూకు కస్టమర్‌కి ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఏ రోజు వస్తుందో చెప్పాలి, ఆ మాట మాత్రం తప్పొద్దు.


బండి_ఓనర్:

ఆ వరుస మాకు కూడా పంపండి. పది ఇండెంట్లకీ "అర్జెంట్" అని రాసి పంపితే మేం దేన్నీ అర్జెంట్‌గా తీసుకోం. ఈ ఆరు ముఖ్యం, ఈ నాలుగు రెండు రోజుల్లో ఎప్పుడైనా పర్వాలేదు అనండి. ఆ నాలుగింటికి, అటువైపు ఖాళీగా తిరిగి వెళ్లే బండి ఏదైనా తగిలితే మామూలు రేటుకే వేసుకుపోతాం.